ముప్పై రెండు సెంట్ల సంభావ్యత

మా మండల విద్యాశాఖాధికారి శ్రీ గుండవరపు త్రివిక్రమరావు గారి మీద నాకు కోపం ఉంది. ఈ మాట ముందే చెప్పడం మంచిది. చివరిదాకా చదివినవాళ్ళు 'వీడికి ఆయనంటే పడదు' అని తామేదో కనిపెట్టినట్టు చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కనపడినప్పుడల్లా "ఏమయ్యా కోటిలింగం, బాగున్నావా?" అని అడిగేవారు. నేను బాగుండే అవకాశం సగం అని ఆయన అంతకుముందే లెక్క కట్టి ఉన్నారు గనక జవాబు కోసం ఆగేవారు కాదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. సంభావ్యత అనే పాఠం ఆపై తరగతుల్లో వస్తుందట. అందుచేత బళ్ళో నాకది అందలేదు. గడ్డం నెరిశాక ప్రభుత్వమే ఇంటికొచ్చి చెప్పింది. ఫీజు మాత్రం నా భూమిలోంచి తీసుకుంది.

తుమ్మలచెలిక ఉన్నత పాఠశాల పడమటి గోడను ఆనుకుని నాకు ముప్పై రెండు సెంట్ల కరివేపాకు తోట ఉండేది. అందులో ఒక బోరు, ఒక మోటారు గది. తెల్లారగట్ల రెమ్మలు కోసి, కట్టలు కట్టి, మోపెడ్ మీద టౌను మార్కెట్టులో వేసి వస్తే ఇల్లు గడిచేది. నాకూ మా అంకమ్మకూ వేరే ఆధారం ఏదీ లేదు. పదో తరగతి గది కిటికీలు రెండూ నా తోటవైపే తెరుచుకుంటాయి. ఆ కిటికీల పుణ్యాన ఏటా పదో తరగతి పాఠాలన్నీ కోతకోస్తూ వింటాను. పరీక్ష ఒక్కటే రాయను.

పోయినేడు పరీక్షల్లో సంభావ్యత లెక్కను మా మండలం పిల్లలు జిల్లాలోకెల్లా అధమంగా రాశారు. సమీక్షా సమావేశంలో త్రివిక్రమరావు గారిని నిలబెట్టి అడిగారట. నిలబడినంతసేపూ ఆయన ఆలోచించి, కూర్చోమనగానే ఒక నిర్ణయానికి వచ్చారట. బడులు తెరిచీ తెరవకముందే 'సంభావ్యతా సాధన సంవత్సరం' ప్రకటించారు. ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ రోజుకు పది లెక్కలు చెయ్యాలి. చేయించారో లేదో ఆయనే వచ్చి చూస్తారు.

ఆయన వచ్చిన రోజు నేను కిటికీ కింద రెమ్మలు కోస్తున్నాను. లెక్కల టీచరు రత్నకుమారి పిల్లల చేత సాధన చేయిస్తున్నది. చిన్న వయసు పిల్ల. టౌను నుంచి స్కూటీ మీద వస్తుంది. పాచికలూ, నాణేలూ, బంతుల సంచీ తనే కొనుక్కుని తెచ్చుకున్నది.

"ఈ సంచిలో ఒకటి ఎర్ర బంతి, తొమ్మిది నల్ల బంతులు. చూడకుండా ఒకటి తీస్తే ఎర్రది వచ్చే సంభావ్యత ఎంత?"

"పదింట ఒకటి టీచర్," అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో.

"తప్పు," అన్నారు త్రివిక్రమరావు గారు.

పిల్లలు పెన్నులు ఆపారు. నేను కూడా కొడవలి ఆపాను.

"బంతి తీశామనుకోండి. ఎర్రది వస్తుందా?"

"రావచ్చు సార్."

"రాకపోవచ్చా?"

"రాకపోవచ్చు సార్."

"ఈ రెండూ కాక మూడోది ఏదైనా జరుగుతుందా?"

పిల్లలు ఆలోచించారు. మూడోది ఏదీ వాళ్ళకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

"కాబట్టి మొత్తం పర్యవసానాలు రెండు. అనుకూలమైనది ఒకటి. రెండింట ఒకటి, అనగా సగం. ఇంత సులభమైన విషయానికి బంతులు లెక్కపెట్టించి పిల్లల్ని తికమక పెడుతున్నది ఎవరు?"

రత్నకుమారి టీచరు మెల్లగా అన్నది. "సార్, ఆ రెండూ సమసంభవాలు కావండీ. నల్లవి తొమ్మిది ఉన్నాయి గదండీ."

"కాకపోతే చెయ్యాలమ్మా. సమానత్వం లేనిచోట సమానత్వం తేవడానికే మనకు జీతాలిస్తున్నారు. ఎర్ర బంతి ఒంటరిది గదా అని దాన్ని పదో వంతుకు తోసేస్తారా? బలహీనుల పట్ల శాఖ వైఖరి ఏమిటో తమకు తెలియదా?"

"చాలా లోతైన మాట సార్," అన్నారు హెడ్మాస్టరు దైవాదీనం గారు. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడింది. పెన్షన్ కాగితాలు కదలాలంటే త్రివిక్రమరావు గారి సంతకం కావాలి. కనుక ఆ మధ్య ఆయనకు పైవాళ్ళు ఏమన్నా లోతుగానే వినిపించేది.

త్రివిక్రమరావు గారు కళ్ళు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టి ఒక బంతి తీశారు. నల్లది.

"చూశారా? రాలేదు. నేను చెప్పిన రెండింటిలో ఒకటే జరిగింది."

దైవాదీనం గారు చప్పట్లు కొట్టారు. పిల్లలు కొట్టారు. కొట్టకపోతే ఏమవుతుందోనని రత్నకుమారి టీచరు కూడా రెండు వేళ్ళు కలిపింది.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. దైవాదీనం గారు దాన్ని ప్రార్థనలో, ప్రతిజ్ఞ తరవాత చదివారు. "ఇందుమూలముగా మండలములోని సమస్త ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, ప్రతి ఘటనకును రెండే పర్యవసానములు గలవు. ఒకటి జరుగుట, రెండు జరుగకుండుట. కావున సదరు ఘటన యొక్క సంభావ్యతను సగముగా పరిగణించవలెను. పాఠశాల ఆవరణలో దీనికి భిన్నమైన జవాబు వ్రాసిన విద్యార్థికి సున్న, వ్రాయించిన ఉపాధ్యాయునికి మెమో ఇవ్వబడును."

ఆ రోజు నుంచి సాధన పరుగెత్తింది. రోజుకు పది లెక్కలు వందయ్యాయి. పిల్లలు ప్రశ్న చదవడం మానేశారు. చదివితే ఆలస్యమవుతుందని టీచర్లే చదవవద్దన్నారు. ఆరో తరగతి పిల్లలు సైతం పలక మీద సగం, సగం, సగం అని బారులు తీర్చారు. నెలవారీ పరీక్షలో మండలం మొత్తానికి నూటికి నూరు వచ్చాయి. పేపర్లు దిద్దే జవాబుల కాగితం త్రివిక్రమరావు గారే తయారు చేశారు. జిల్లా వాళ్ళు ఆయనకు శాలువా కప్పి, ఇంత మంచి పద్ధతిని పాఠానికే పరిమితం చెయ్యడం భావ్యం కాదన్నారు.

కనుక పరిమితం చెయ్యలేదు. పిల్లవాడు బడికి వస్తాడు, లేదా రాడు. అందుచేత అందరికీ సగం హాజరు వేసి, ఏడాదికి సరిపడా రిజిస్టర్లు ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేశారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పిల్లవాడు తింటాడు, లేదా తినడు. అందుచేత తలా అర గుడ్డు. వంటమనిషి గుడ్డును దారంతో కోసేది. కోసేటప్పుడు పచ్చసొన ఎటువైపు పోతుందన్నది కూడా సగం సగమే గాని, ఎందుకో ఎప్పుడూ దైవాదీనం గారి టిఫిను గిన్నెవైపే పోయేది. సాంబారుకు నేనిచ్చే కరివేపాకు కట్టకు సగం డబ్బు చేతిలో పెట్టారు. పిల్లలు కరివేపాకు తింటారు, లేదా తీసి పక్కన పెడతారు.

ఇదంతా రాత్రి అన్నం దగ్గర చెబితే అంకమ్మ నవ్వింది.

"కొత్త లెక్కేం గాదులే. నన్ను నీకిచ్చేటప్పుడు మా నాయనా ఇదే లెక్కేశాడు. ఈడు బాగుపడతాడు, లేకపోతే లేదు అన్నాడు."

"ఏం తేలింది?"

"తినెయ్, చారు చల్లారిపోద్ది," అన్నది.

సర్క్యులర్ వచ్చిన నాలుగో రోజునే రత్నకుమారి టీచరు గోడ పక్కకు వచ్చింది.

"బాబాయ్, సాయంత్రం బడి విడిచాక పిల్లల్ని ఒక అరగంట నీ తోటలో కూచోబెట్టుకోనా?"

"లోపల అన్ని గదులుండగా ఈ మట్టిలో ఎందుకమ్మా?"

"లోపల జవాబు సగమే బాబాయ్. ఇక్కడైతే ఎంతుంటే అంత."

"మెమో ఇస్తారేమో."

"సర్క్యులర్లో 'పాఠశాల ఆవరణలో' అని రాశారు. నీ తోట ఆవరణ కాదుగదా."

తెలివైన పిల్లే. నాకు పోయేదేముంది, రమ్మన్నాను. పదో తరగతిలో నలభై మంది. నలభై మందీ కరివేపాకు వరసల మధ్య కూచునేవాళ్ళు. బంతుల సంచీని దైవాదీనం గారు బీరువాలో పెట్టి తాళం వేశారు గనక, ఆమె నా చెట్ల కాయలే కోయించింది. కరివేపాకు కాయ ముందు పచ్చగా ఉండి, ఎర్రబడి, పండాక నల్లగా అవుతుంది. టిఫిను డబ్బాలో మూడు ఎర్రవి, ఐదు నల్లవి, రెండు పచ్చవి వేసి మూతపెట్టి, "ఇప్పుడు చెప్పండి" అనేది. పిల్లలు పగలంతా వంద సగాలు రాసిన చేత్తోనే ఇక్కడ పదింట మూడు, పదింట ఐదు అని రాసేవాళ్ళు.

"టీచర్, నల్లవి ఐదంటే పదింట ఐదు గదా, అది కూడా సగమేగా?" అని ఒక పిల్ల అడిగింది.

"అవునమ్మా. ఆ సగం మనం లెక్కపెట్టి తెచ్చుకున్నది," అన్నది టీచరు.

ఇంతవరకూ నాకు త్రివిక్రమరావు గారంటే వినోదమే. అసలు కథ శాలువాతో పాటు ఆయనకు మంజూరైన 'సంభావ్యతా ప్రాంగణం'తో మొదలైంది. పిల్లలు ఆరుబయట సాధన చెయ్యడానికి ఒక ఆవరణ, దాని నడుమ మనిషెత్తు సిమెంటు పాచిక. డబ్బు వచ్చింది గాని చోటు లేదు. దైవాదీనం గారు ఒకనాడు గోడ మీదుగా తల పెట్టి నా తోటను చాలాసేపు చూశారు.

"కోటిలింగం, నీ తోట చాలా అనుకూలంగా ఉందయ్యా."

"దేనికి సార్?"

"అనుకూల పర్యవసానానికి," అని తల తీసేశారు.

పదిరోజులకు తాసిల్దారు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సదరు తాసిల్దారు గారు మండల సమన్వయ సమావేశంలో త్రివిక్రమరావు గారి ఉపన్యాసం విని ముగ్ధులై, ఏళ్ళ తరబడి పెండింగులో ఉన్న తగాదాలన్నీ ఈ పద్ధతిలో ఒక్క వారంలో తేల్చేశారు. బల్ల ఖాళీగా తళతళలాడుతోంది. నేను వెళ్ళి పట్టాదారు పాస్ పుస్తకం దాని మీద పెట్టాను.

"ఈ భూమి నీదేనా?" అన్నారు.

"నాదేనయ్యా. ఇదిగో పుస్తకం."

"నీది కాకపోవడానికి వీల్లేదా?"

"ఎట్టా కాకుండా పోద్దయ్యా? పుస్తకం నా పేరున ఉంటే."

"పుస్తకం నీ దగ్గర ఉండటం ఒక ఘటన. భూమి నీది కావడం ఇంకొక ఘటన. ఈ రెండూ స్వతంత్ర ఘటనలు. ఒకదాని మీద ఒకటి ఆధారపడవు."

"ఆధారపడనప్పుడు మరి పుస్తకం ఎందుకిచ్చినట్టయ్యా?"

"ఆ ప్రశ్న ఇచ్చిననాడు అడగాల్సింది," అని ఆయన రాసుకోవడం మొదలుపెట్టారు. "భూమి అర్జీదారునిది, లేదా పాఠశాలది. మూడో పర్యవసానం గలదా?"

లేదన్నాను. అబద్ధం ఎలా చెబుతాను.

పదహారు సెంట్లు పాఠశాలకు పోయాయి. సర్వేయరు టేపు పట్టి, హద్దురాళ్ళు నాటించి, "నీ అదృష్టం బావుంది, బోరు నీవైపే వచ్చింది" అని అభినందించి వెళ్ళాడు. అటువైపు చెట్లు నరికి పాచిక పోశారు. పాచిక అన్నాక దొర్లాలి గదా అని మేస్త్రీ అడిగితే, దొర్లుతుంది లేదా దొర్లదు అన్నారట దైవాదీనం గారు. దొర్లలేదు. పైన నాలుగు చుక్కలతో పోశారు గనక అది ఎండకూ వానకూ నాలుగే చూపిస్తూ నిలబడింది. దాని దగ్గర నిలబడి పిల్లలు ఆరు పడే సంభావ్యత సగమని రాసుకునేవాళ్ళు.

నా తోటలో సగం ఆవరణ అయింది గనక, సర్క్యులర్ కూడా ఆ మేరకు జరిగి వచ్చింది. నిన్నటిదాకా పదింట మూడుగా ఉన్న చోటు ఇవాళ సగమైంది. హద్దురాయికి ఇటు కూచున్న పిల్లకు ఒక జవాబు, అటు కాలు చాపిన పిల్లకు ఇంకొక జవాబు. దైవాదీనం గారు సాయంత్రాలు అటువైపు నిలబడి, ఎవరి కాలు దాటుతుందా అని కనిపెడుతుండేవారు.

అప్పీలు సంగతి నాకు చెప్పింది ఆఫీసు గుమాస్తా.

"పైకి పెట్టుకోవయ్యా. గెలిచే అవకాశం సగం. టౌన్లో ఏ లాయరన్నా ఇంత గట్టిగా మాటిస్తాడా?"

ఇవ్వడు. అది నిజం. డివిజను ఆఫీసుకు అప్పీలు పెట్టాను. అక్కడి దొరగారు ఎంతో మర్యాదగా కుర్చీ వేయించి, ఫైలు ఆమూలాగ్రం చదివారు.

"పాఠశాల స్వాధీనంలోకి పోయిన పదహారు సెంట్లు నిశ్చిత ఘటన. అది జరిగిపోయింది. దాని మీద వివాదం లేదు. వివాదమంతా నీ దగ్గర మిగిలిన పదహారు మీదనే."

"దాని మీద వివాదం ఎవరు పెట్టారయ్యా?"

"నువ్వే. అప్పీలు నీదేగా?"

ఎనిమిది సెంట్లు పోయాయి. ఉత్తర్వులో మాత్రం 'అప్పీలు పాక్షికముగా అనుమతించడమైనది' అని రాశారు. గుమాస్తా ఆ ముక్క కింద గీత గీసి చూపించి, "చూశావా, అనుమతించారు. ఇంక పాక్షికం ఒక్కటే అడ్డం" అన్నాడు. నాకు ధైర్యం వచ్చింది. ఇంకో అప్పీలు పెట్టాను. అదీ పాక్షికంగా అనుమతించారు. నాలుగు సెంట్లు మిగిలాయి.

అంకమ్మ కట్టలు కట్టే పురికొస పక్కన పెట్టి నా ఎదురుగా కూచుంది. ఇంతకుముందు మోపెడ్కు రెండువైపులా వేలాడే మూట అప్పటికి ఒక సంచిలోకి వచ్చింది.

"నేనొకటి అడుగుతా, తిట్టబాకు. నువ్వు అప్పీలు పెట్టినప్పుడల్లా సగం పోతా ఉండె. పెట్టకుండా ఊరుకుంటే ఏం పోద్దయ్యా?"

"నీకు చట్టం తెలీదు."

"నాకు తెలీదు సరే. పొయ్యిలోకి మూడు రెమ్మలు కావాలంటే ఇయ్యాల పక్కింటామెని అడిగొచ్చినా. ఆమె ఏమందో తెలుసా? కరివేపాకు కోటిలింగం పెళ్ళానికి కరివేపాకు అరువా అంది."

నా లెక్క నాకుంది. మూడుసార్లు ఓడినవాడు నాలుగోసారి కూడా ఓడతాడా? ఎక్కడో ఒకచోట తిరగాలి గదా. ఇదే మాట సాయంత్రం రత్నకుమారి టీచరుతో అన్నాను. ఆమె నాలుగు సెంట్లలో పిల్లల్ని మోకాళ్ళు ముడిపించి కూచోబెడుతూ ఆగింది.

"ఇంక పెట్టొద్దు బాబాయ్. ఇప్పటిదాకా మూడుసార్లు బొరుసు పడిందని నాణెం మొహమాటపడి ఈసారి బొమ్మ వెయ్యదు."

"నాణేనికి లేకపోవచ్చమ్మా. ప్రభుత్వానికి ఉంటది."

ఆమె నా మొహంలోకి చూసి, మళ్ళీ పిల్లల వైపు తిరిగింది. పిల్లలు ఫక్కున నవ్వారు. వాళ్ళకు నవ్వడానికి మార్కులు పోవు.

జిల్లా ఆఫీసులో కూడా అప్పీలు పాక్షికంగానే అనుమతించారు. రెండు సెంట్లు మిగిలాయి. అందులో మోటారు గదీ, బోరూ, ఒక వరస చెట్లూ పోను, పిల్లలు కూచోడానికి చోటు లేదు. నిలబడితే ఇరవై మంది పడతారు. మిగిలిన ఇరవై మంది మొదట్లో గోడెక్కి వినాలని చూశారు. గోడ పాఠశాలది. గోడ మీద జవాబు సగం. దైవాదీనం గారు దింపేశారు. వాళ్ళు పాచిక నీడలో కూచుని ఎదురుచూడటం మొదలుపెట్టారు, కొన్నాళ్ళకు అదీ మానేసి ఇళ్ళకు పోయారు.

పరీక్షలు వచ్చాయి, అయ్యాయి. బోర్డు వాళ్ళ జవాబుల కాగితం త్రివిక్రమరావు గారు తయారుచేసింది కాదు. సంభావ్యత లెక్కకు మా మండలమంతటా సున్నలు పడ్డాయి. తుమ్మలచెలిక ఒక్కటే మినహాయింపు. తల్లిదండ్రులు గోలపెట్టారు. ఎవరో పైకి రాశారు. ఎవరు రాశారో దైవాదీనం గారికి అనుమానం ఉంది గాని, రత్నకుమారి టీచరు రాసి ఉండవచ్చు, రాయకపోనూవచ్చు గనక సగమే అనుమానించారు. చివరికి రాజధాని నుంచి ఒక ఉన్నతస్థాయి పరిశీలక సంఘం బయల్దేరింది. దాని అధ్యక్షులు లెక్కల్లో పెద్ద పట్టాలు పుచ్చుకున్న పెద్దమనిషి.

ఆ సంఘం మా బడికే వస్తుందని తెలిసిన రోజున త్రివిక్రమరావు గారి మొహంలో మొదటిసారి మూడో పర్యవసానం కనిపించింది. దైవాదీనం గారు "నేను అప్పుడే అనుకున్నాను సార్ ఇలా అవుతుందని" అనడం సాధన చేసుకుంటున్నారు. సర్క్యులర్ ఎగిరిపోతే దాని కింద పోయిన నా భూమి వెనక్కి వస్తుంది. ఇంత తేలిక సంగతి నాకే తోచింది. ఒక అర్జీ రాయించి, కొత్త పంచె కట్టుకుని, అంకమ్మ వద్దంటున్నా వినకుండా వెళ్ళి పదో తరగతి గదిలో గోడ వార నిలబడ్డాను. జీవితంలో ఆ కిటికీలను లోపలి నుంచి చూడటం అదే మొదలు.

అధ్యక్షుల వారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఈ పాఠశాల నుంచి ఎంతమంది పరీక్ష రాశారు?"

"నలభై మంది సార్," అన్నారు దైవాదీనం గారు.

"సంభావ్యత లెక్క ఎందరు సరిగా చేశారు?"

"ఇరవై మంది సార్."

"అంటే?"

అధ్యక్షుల వారే కాగితం మీద వేసి చూసుకున్నారు. ఇంకోసారి వేసి చూసుకున్నారు. పక్కనున్న సభ్యుడి చేత కూడా వేయించారు. అప్పుడు త్రివిక్రమరావు గారు లేచారు. ఆయన మొహంలోకి రెండు పర్యవసానాలూ తిరిగి వచ్చేశాయి.

"అయ్యా, మేము ఏడాది పొడుగునా సవినయంగా మనవి చేస్తున్నది ఇదే. సగం."

"మిగతా పాఠశాలల్లో సున్న గదా?"

"సాధన చాలలేదండి. ప్రాంగణం ఉన్న పాఠశాల ఇదొక్కటే."

అధ్యక్షుల వారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఇంతకాలం ఉద్యోగం చేశాను. క్షేత్రస్థాయిలో ఇంత ఖచ్చితంగా, దశాంశం కూడా తేడా లేకుండా రుజువైన సిద్ధాంతాన్ని నేను చూడలేదు."

రత్నకుమారి టీచరు ముందుకొచ్చింది.

"సార్, సరిగా రాసిన ఆ ఇరవై మందీ నేను బయట చెప్పిన పిల్లలండి. సగం అనే జవాబు వాళ్ళకు చెప్పలేదు. కాయలు లెక్కపెట్టి నేర్చుకున్నారు."

"బయట అంటే ఎక్కడమ్మా?"

"కోటిలింగం బాబాయ్ తోటలోనండి."

"మరి నలభై మందికీ చెప్పకపోయారా?"

"తోటలో అంతకన్నా పట్టలేదండి. అది ఇప్పుడు రెండు సెంట్లే."

"పట్టినవారు సగం, పట్టనివారు సగం," అన్నారు త్రివిక్రమరావు గారు నెమ్మదిగా. సభ్యులందరూ తలలూపి రాసుకున్నారు.

ఇక ఆగకూడదని నేను అర్జీ పట్టుకుని వెళ్ళాను.

"అయ్యా, నా పేరు కోటిలింగం. ఆ తోట నాది. ముప్పై రెండు సెంట్లు ఉండేది. అంతా ఉన్నప్పుడు నలభై మందీ కూచున్నారు. నా భూమి నాకిప్పిస్తే మళ్ళీ నలభై మందీ కూచుంటారు. పిల్లలకోసరమన్నా ఇప్పించండి."

ఇంతకన్నా మంచి మాట నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. అధ్యక్షుల వారు కూడా కదిలిపోయారు. నా అర్జీ స్వయంగా అందుకున్నారు.

"పోయినది జరిగిపోయిన ఘటన నాయనా. జరిగిపోయిన ఘటన సంభావ్యత ఒకటి. ఒకటిని ఏ సంఘమూ తగ్గించలేదు. అయితే నువ్వన్న మాటలో విలువైన విషయం ఒకటి ఉంది. నీ భూమి మీద నిలబడిన ప్రతి విద్యార్థీ లెక్క సరిగా చేశాడు. అంత ప్రభావం గల స్థలాన్ని ప్రైవేటు చేతుల్లో ఉంచడం ప్రజాప్రయోజనమేనా అని ప్రభుత్వం ఆలోచించాలి."

"ఆలోచించి?" అన్నాను.

"ఉంచవచ్చు, లేదా ఉంచకపోవచ్చు," అన్నారాయన. అక్కడే సంతకం చేశారు. ఈసారి బోరు అటు పోయింది.

ఇప్పుడు సర్క్యులర్ రాష్ట్రమంతటికీ వర్తింపజేసే ఆలోచనలో ఉన్నారట. త్రివిక్రమరావు గారికి పై పదవి వచ్చింది. దైవాదీనం గారి పెన్షన్ సగం మంజూరైంది. రత్నకుమారి టీచరును బదిలీ చెయ్యాలా వద్దా అని చర్చ జరిగి, పొద్దున తుమ్మలచెలికలోనూ మధ్యాహ్నం జిల్లా చివరనున్న ఇంకొక ఊళ్ళోనూ పనిచెయ్యమన్నారు. ఆమె స్కూటీ మీద మా ఇంటి ముందు నుంచే పోతుంది. ఒకరోజు ఆగి, "ఇంక అప్పీలు పెట్టవుగదా బాబాయ్?" అని అడిగింది. గుమాస్తా రోజూ కబురు పెడుతున్నాడనీ, ఈసారి సుప్రీం దాకా పొమ్మంటున్నాడనీ చెప్పాను. లోపలినుంచి అంకమ్మ "పెన్ను నా దగ్గరుందిలేమ్మా" అన్నది.

బోరు లేని సెంటు మీద చెట్లు ఎండకుండా అంకమ్మ బిందెతో నీళ్ళు మోస్తున్నది. అధికారులెవరన్నా ఇది చదివి, నేను నష్టపోయి ఉండవచ్చు లేదా నష్టపోకపోనూవచ్చు అని తేల్చబోతే, వాళ్ళకు శ్రమ లేకుండా జవాబు నేనే రాసి పెడుతున్నాను. దీనికి రెండో పర్యవసానం లేదు. నేను పోగొట్టుకున్నది ముప్పై ఒక్క సెంట్లు.